ఇంటి నీటికి వంగెడి ప్లాస్టిక్కు గొట్టము

ఇల్లు కట్టించుకొనువారు నేలపై పరచు రాళ్లను గూర్చి, తలుపులకు వేయు రంగును గూర్చి పదిమందిని అడిగి నెల దినములు ఆలోచింతురు. గోడలలో దాగిపోవు నీటి గొట్టమును గూర్చి ఒక్క పూటయైన ఆలోచించువారు అరుదు. ఆ పనిని ప్లంబరునకు వదలివేయుదురు. ప్లంబరు దానిని దుకాణదారునకు వదలివేయును. దుకాణదారు తన వద్ద నున్న సరుకు నిచ్చును. ఇట్లు ఎవరును శ్రద్ధతో ఎంపిక చేయని గొట్టము మన కుటుంబము త్రాగు నీటిని ఏండ్ల తరబడి మోయవలసివచ్చుచున్నది. నేలరాయి పగిలిన వెంటనే కంటికి కనబడును. గోడలోని గొట్టము పగిలినచో గోడ చెమ్మగిల్లిన పిదప గాని తెలియదు. వీధిలో మురుగుకాలువ ప్రక్కన గొట్టపు అతుకు విడినచో ఇంటిలోని పిల్లలకు జబ్బు చేసిన పిదప గాని తెలియదు.

నేడు ఇనుప గొట్టములకు మారుగా ప్లాస్టిక్కు గొట్టములు వాడుకలోనికి వచ్చినవి. వీనిలో కఱ్ఱవలె బిగుసుకొనియుండునవి కొన్ని, తీగవలె చుట్టలుగా చుట్టి అమ్మునవి కొన్ని. ఈ రెండవ తరగతి గొట్టములను, అనగా వంగెడి గొట్టములను, ఎట్లు ఎంచుకొనవలెనో, ఎట్లు అమర్చుకొనవలెనో గృహస్థులకు ఉపయోగపడునట్లు వివరించుట మా ఉద్దేశము.

సీసము నుండి పాలిథీను వరకు

పూర్వము రోములో నీటి గొట్టములను సీసముతో చేసెడివారు. లాటిను భాషలో సీసమునకు ‘ప్లంబం’ అని పేరు. మనము నిత్యము పలుకు ‘ప్లంబరు’ అను మాట దానినుండియే పుట్టినది. సీసము మెత్తని లోహము, చేతితో వంచవచ్చును, కాని అది మెల్లమెల్లగా శరీరమున చేరు విషము. తరువాత ఇనుప గొట్టములకు జింకు పూత పూసి వాడిరి. మనము ‘జి.ఐ. పైపు’ అనునది అదియే. ఇనుము బలమైనదే గాని పూత అరిగిన పిదప త్రుప్పు పట్టును. లోపల త్రుప్పు పేరుకొని, అరంగుళపు గొట్టము పెన్సిలు పట్టునంత సందుగా మిగులుట పాత యిండ్లలో చాలమంది చూచినదే.

పాలిథీను పుట్టుక విచిత్రమైనది. 1933 మార్చిలో ఇంగ్లండు దేశమున విన్నింగ్టను అనుచోట ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ సంస్థ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అను శాస్త్రజ్ఞులు ఇథిలీను వాయువును మిక్కుటమైన ఒత్తిడికి గురిచేయుచుండిరి. వారు ఆశించిన ఫలితము రాలేదు. పాత్ర అడుగున మైనమువంటి తెల్లని పదార్థము కొంచెము మిగిలినది. అదియే పాలిథీను. విద్యుత్తును పోనీయకుండ నిలుపు శక్తి దానికి అమోఘముగా నున్నదని పిమ్మట తెలిసినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున రాడారు యంత్రముల తీగలకు తొడుగుగా అది ఎంతయో ఉపకరించినది. రేడియో తరంగములకు తోడుగా పెరిగిన పదార్థమే యుద్ధానంతరము ఇంటింటికి నీరు తెచ్చు గొట్టమైనది. 1953లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ జీగ్లర్ తక్కువ ఒత్తిడిలోనే దానిని తయారుచేయు మార్గమును కనుగొనెను. ఆ మార్గమున వచ్చినది మరింత దిట్టమైన పాలిథీను. ఈ రంగమున చేసిన కృషికి ఆయనకును, ఇటలీ శాస్త్రజ్ఞుడు జూలియో నాట్టాకును 1963లో నోబెలు బహుమానము లభించినది. నేడు వీధులలో పరచు నల్లని గొట్టములు ఈ దిట్టమైన జాతికి చెందినవే.

ఏ గొట్టము ఏ పనికి

దుకాణములో ‘ప్లాస్టిక్కు పైపు’ అని అడుగుట ‘ధాన్యము’ అని అడుగుటవంటిది. వరియు ధాన్యమే, జొన్నయు ధాన్యమే. వంగెడి గొట్టములలో గృహస్థు ఎరుగవలసినవి ముఖ్యముగా నాలుగు రకములు.

మొదటిది హెచ్.డి.పి.ఇ. అను నల్లని పాలిథీను గొట్టము. వీధిలోని పెద్ద గొట్టము నుండి ఇంటికి నీరు తెచ్చుటకు, బోరు నుండి తొట్టికి ఎక్కించుటకు, పెరటికి పంపుటకు ఇది మేలైనది. ఇది చన్నీటికే గాని వేడినీటికి పనికిరాదు.

రెండవది ‘పెక్స్’ అనునది. పాలిథీను అణువుల గొలుసులను ఒకదానితో నొకటి అడ్డముగా బంధించి దీనిని చేయుదురు. దారపు పోగులను విడివిడిగా ఉంచుటకును, వలగా అల్లుటకును గల భేదమే సాధారణ పాలిథీనునకును దీనికిని గల భేదము. ఆ బంధముల వలన వేడికి మెత్తబడదు. 82 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిని సుమారు 7 కిలోల ఒత్తిడితో మోయగల శక్తితో ఇది తయారగుచున్నది. స్నానపుగదికి, వంటింటికి వేడినీరు, చన్నీరు రెండును దీనితో పంపవచ్చును.

మూడవది నడుమ పలుచని అల్యూమినియము పొరను ఇమిడ్చిన గొట్టము. వంచినచోట వంగి నిలుచుట దీని సుగుణము. తక్కినవి వంచి విడిచిన తిరిగి చక్కబడజూచును. దీనిలో వేడినీటికి వేఱు రకము, చన్నీటికి వేఱు రకము కలదు గనుక అచ్చువేసినదానిని చదివి కొనవలెను.

నాలుగవది తోటకు నీరు పట్టు పచ్చని మెత్తని గొట్టము. ఇది పాలిథీను కాదు, పి.వి.సి. అను పదార్థమునకు మెత్తదనమునకై నూనెవంటి ద్రవ్యములను కలిపి చేసినది. ఆ ద్రవ్యములు నీటిలోనికి కొంచెముకొంచెముగా దిగును. వెలుతురు చొరబారు గొట్టమైనచో లోపల నాచు పెరుగును. మొక్కలకు, బండి కడుగుటకు దీనిని వాడవచ్చును. త్రాగునీటి బిందెలో దీని కొనను ముంచి నింపుట మన యిండ్లలో తరచు కనబడు అలవాటు. అది మానవలసిన అలవాటు.

వేడినీటిని గూర్చి మరి రెండు మాటలు. నీటికాగు నుండి వెలువడు మొదటి మూరెడు పొడవు లోహపు గొట్టమే ఉండవలెను. కాగు అదుపుతప్పి వేడెక్కినచో ఆ వేడి తిన్నగా ప్లాస్టిక్కునకు తగులకుండ అది కాపాడును. మేడపై సూర్యరశ్మితో నీరు కాచు యంత్రము లున్న యిండ్లలో వేసవి మధ్యాహ్నము నీరు మరుగు వేడికి చేరవచ్చును. కావున వాని నుండి దిగు గొట్టమునకు పెక్స్ కూడ తగదు. అచ్చట లోహమే తగినది.

ఒత్తిడి, వ్యాసము, గుర్తులు

గొట్టముపై ‘పి.ఎన్.’ అను అక్షరముల తరువాత ఒక సంఖ్య ఉండును. గొట్టము మోయగల ఒత్తిడిని అది తెలుపును. నీటి మట్టము 10 మీటర్ల ఎత్తున నున్నచో క్రింది కొళాయివద్ద చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలో ఒత్తిడి ఉండును. రెండంతస్తుల మేడపై తొట్టి యున్న ఇంటిలో ఒత్తిడి ఇంతకు మించదు. అట్లయిన పలుచని గొట్టమే చాలునని తోచవచ్చును. కాని లెక్క అంతటితో తీరదు.

పి.ఎన్. సంఖ్యను 20 డిగ్రీల వేడిమి నాధారముగా నిర్ణయింతురు. పాలిథీను వేడెక్కినకొలది బలము తగ్గును. 40 డిగ్రీల వేడిలో దాని శక్తి సుమారు నాలుగింట మూడు వంతులకు దిగును, పి.ఎన్. 16 గొట్టము పి.ఎన్. 12 గొట్టముతో సమానమగును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో గాలియే 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఎండలో మేడపై పడియున్న నల్లని గొట్టము గాలికన్న మిక్కిలి వేడెక్కును. మన దేశపు ఎండను లెక్కవేయక చలిదేశపు అంకెను నమ్ముట పొరపాటు. భూమిలో పాతు గొట్టమునకు పి.ఎన్. 10కి తగ్గకుండ తీసికొనుట క్షేమము. గోడ మందముగా నున్న గొట్టము గీతలకు, రాతి ఒత్తిడికి కూడ తట్టుకొనును.

వ్యాసము విషయమున ఒక చిక్కు కలదు. ఇనుప గొట్టమును లోపలి రంధ్రమును బట్టి అరంగుళము, ముప్పాతిక అంగుళము అని పిలుతురు. పాలిథీను గొట్టమును వెలుపలి కొలతనుబట్టి 20 మిల్లీమీటర్లు, 25 మిల్లీమీటర్లు అని పిలుతురు. గోడ మందము 2 మిల్లీమీటర్లయినచో 20 మిల్లీమీటర్ల గొట్టమునకు లోపల మిగులు రంధ్రము 16 మాత్రమే. అది అరంగుళపు ఇనుప గొట్టమునకు సమానము. ముప్పాతిక అంగుళమునకు 25, అంగుళమునకు 32 మిల్లీమీటర్ల గొట్టములు సరిపోవును. రంధ్రము కొంచెము తగ్గినను నీటి పరిమాణము చాల తగ్గును. ఒకే పొడవు, ఒకే ఎత్తు ఉన్నప్పుడు రంధ్రపు వ్యాసము రెట్టింపైనచో నీరు రెండు రెట్లు కాదు, సుమారు ఆరు రెట్లు పారును. కావున తొట్టి నుండి దిగు ప్రధాన గొట్టమును పెద్దదిగా ఉంచి, ఒక్కొక్క కొళాయికి పోవు శాఖను చిన్నదిగా ఉంచవలెను. క్రింద ఒకరు బకెట్టు నింపుకొనగానే పైన స్నానము చేయువానికి నీరు సన్నగిల్లుట ఈ నియమమును మరచినందువలననే.

గొట్టమును కొనునపుడు దానిపై అచ్చైన పంక్తిని చదువవలెను. చన్నీటి పాలిథీనునకు ఐ.ఎస్. 4984 అను భారత ప్రమాణ సంఖ్య, ఐ.ఎస్.ఐ. ముద్ర, పదార్థపు తరగతి, వెలుపలి వ్యాసము, ఒత్తిడి సంఖ్య, తయారైన కాలము ఉండవలెను. ముద్ర ప్రక్కన నుండు లైసెన్సు సంఖ్యను భారత ప్రమాణ సంస్థవారి ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్ ద్వారా సరిచూచుకొనవచ్చును. మంచి గొట్టపు నలుపు వట్టి రంగు కాదు. సూర్యరశ్మి నుండి కాపాడుటకై నూటికి రెండు మూడు పాళ్లు కలుపు మెత్తని మసి అది. పాత ప్లాస్టిక్కును కరిగించి చేసిన గొట్టము కూడ నల్లగానే ఉండును. కాని దాని కోత గరుకుగాను, గోడ మందము ఒకచోట హెచ్చు, ఒకచోట తగ్గుగాను, వాసన ఘాటుగాను ఉండును. పెక్స్ గొట్టములో ఈ మసి సాధారణముగా ఉండదు గనుక దానిని ఎండలో వాడరాదు. అమర్చుటకు ముందును నీడలోనే దాచవలెను.

అమరికలో జాగ్రత్తలు

వంగెడి గొట్టమునకు గల గొప్ప సుగుణము అతుకులు తక్కువగుట. ఇనుప గొట్టము వీధి నుండి ఇంటికి వచ్చులోపల ఎన్నో మలుపులు తిరుగును. ప్రతి మలుపునకు ఒక అతుకు. చుట్టగా వచ్చు గొట్టము అదే దూరమును ఏక ఖండముగా దాటును. ఇది సౌకర్యము మాత్రమే కాదు, ఆరోగ్యరక్షణ కూడ. మన పట్టణములలో పెక్కింట నీరు రోజుకు కొద్ది గంటలే వచ్చును. నీరు ఆగిన పిమ్మట గొట్టము ఖాళీయై లోపల శూన్యము ఏర్పడును. అప్పుడు వదులైన అతుకు ప్రక్కనున్న మురుగును లోనికి పీల్చుకొనును. మరునాడు నీరు వచ్చినప్పుడు ఆ మురుగే ముందుగా కొళాయిలో దిగును. విషజ్వరము, కామెర్లు, కలరా ఈ మార్గముననే ఇంటిలో ప్రవేశించును. వీధి గొట్టమునకు నేరుగా మోటారు తగిలించి నీరు లాగుట ఈ అపాయమును పదింతలు చేయుటయే. అది తన యింటికి మాత్రమే గాక ఇరుగుపొరుగువారికిని చేయు కీడు. వీధి నీటిని భూమిలోని సంపునకు దాని ఒత్తిడితోనే పట్టి, అచ్చటి నుండి మోటారుతో మేడ తొట్టికి ఎక్కించుట సరియైన పద్ధతి.

అందుచేత మొదటి నియమము: మురుగుకాలువలో నుండి త్రాగునీటి గొట్టమును పోనీయరాదు. దాటక తప్పనిచో కాలువ క్రిందుగా గాక పైగా దాటవలెను. దాటుచోట అతుకు ఉండరాదు. గొట్టమును మరొక పెద్ద గొట్టములో దూర్చి పంపవలెను. రెండవ నియమము: పెట్రోలు, కిరోసిను, రంగులలో కలుపు నూనెలు ఒలికిన నేలలో పాలిథీనును పాతరాదు. ఆ నూనెలు గోడ చెక్కుచెదరకయే దానిగుండ లోనికి ఇంకి నీటిలో చేరును. వాహనములు బాగుచేయు స్థలముల దాపున ఈ సంగతి మరువరాదు.

చుట్టను విప్పునపుడు బండిచక్రమువలె దొర్లించి విప్పవలెను. ప్రక్కనుండి లాగినచో మెలికలు పడును. నొక్కుపడి మడిచిన మచ్చ ఏర్పడిన భాగమును కోసి తీసివేయవలెను గాని సాగదీసి వాడరాదు. మలుపు తిప్పునపుడు వంపు విశాలముగా ఉండవలెను. హెచ్.డి.పి.ఇ. గొట్టమునకు వంపు వ్యాసార్ధము దాని వెలుపలి వ్యాసమునకు 25 రెట్లకు తగ్గకుండుట మంచిది. 20 మిల్లీమీటర్ల గొట్టమునకు అది అర మీటరు. అంత చోటు లేనప్పుడు మలుపు ముక్కను వాడవలెను. నిప్పుసెగ చూపి వంచుట తగదు.

కోయునపుడు పదునైన కత్తెరతో నిలువుగా, సమముగా కోయవలెను. ఱంపముతో కోసినచో పొట్టు లోపల మిగిలి కొళాయిల వాషర్లను పాడుచేయును. పాలిథీనునకు ఏ జిగురును అంటదు. కఱ్ఱగొట్టములకు వాడు సిమెంటును దీనికి పూయుట నిష్ప్రయోజనము. మొదటి దినము నిలిచినను ఒత్తిడి కలిగిన నాడు ఊడిపోవును. దీనికి ముఖ్యముగా రెండు మార్గములు కలవు: వేడి పలకతో రెండు కొనలను కరగించి అతుకుట, లేక నట్టు బిగించు అతుకుముక్కను వాడుట. రెండవదానిలో గొట్టము లోనికి ఎంత దూరము పోవలెనో ముందే గుర్తుపెట్టుకొని, ఆ గుర్తు వరకు దూర్చి బిగించవలెను. టెఫ్లాను టేపు మరలున్న చోటికే గాని రబ్బరు వలయము పట్టుచోటికి కాదు. ఏ అతుకైనను పూతలోపల దాచివేయక చేయి చేరు చోట ఉంచుట ఉత్తమము.

వేడికి ప్లాస్టిక్కు పెరుగుట ఇనుముకన్న పదిరెట్లకు మించియుండును. 10 మీటర్ల గొట్టము ఉదయపు చలికిని మధ్యాహ్నపు ఎండకును నడుమ 30 డిగ్రీలు మారినచో సుమారు 5 సెంటీమీటర్లు పెరుగును. ఇనుము 4 మిల్లీమీటర్లయినను పెరుగదు. కావున కందకములో గొట్టమును తీగవలె బిగలాగక పాము నడకవలె కొంచెము వంకరగా పరచవలెను. అడుగున ఇసుక పోసి, ఱాళ్లు తగులకుండ చూచి, చల్లని వేళ మట్టి కప్పవలెను. గోడ దాటుచోట తొడుగు గొట్టము ఉంచవలెను. ఎలుకలు తిరుగు అటకలపై, మిద్దె సందులలో ప్లాస్టిక్కును విడిగా వదలరాదు, అవి కొరుకును.

రేడియో గృహస్థులు ఎరుగవలసిన సంగతి

వాల్వు రేడియోల కాలమున ఏరియలుతో పాటు ‘ఎర్తు’ తీగను కూడ అమర్చెడివారు. చాలమంది దానిని కొళాయి గొట్టమునకే చుట్టెడివారు. కొన్ని పాత యిండ్లలో విద్యుత్ పరికరములన్నిటి ఎర్తు తీగయు ఆ గొట్టమునకే కట్టియుండును. ఇనుప గొట్టము భూమిలో చాల దూరము పాతియుండుటచే ఆ ఏర్పాటు ఎట్లో నడచినది. అట్టి ఇంటిలో భూమిలోని ఇనుప గొట్టమును తీసి ప్లాస్టిక్కు వేసిన మరుక్షణము ఎర్తు తెగిపోవును. కొళాయిలు, మిగిలిన ఇనుప ముక్కలు భూమితో సంబంధము లేక నిలుచును. నీటికాగులో గాని మరొక పరికరములో గాని విద్యుత్తు లీకైనచో అది కొళాయికి ప్రాకి, తడిచేతితో ముట్టినవారిని పట్టుకొనును. ఇది ప్రాణాపాయము. కావున గొట్టములు మార్చుటకు ముందే ఎలక్ట్రీషియనును పిలిపించి ఇంటికి వేఱుగా ఎర్తు గొయ్యి తీయించి, 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే విద్యుత్తును ఆపివేయు రక్షక స్విచ్చును పెట్టించవలెను. ప్లంబరు పనికిని ఎలక్ట్రీషియను పనికిని సంబంధము లేదనుకొనుట తగదు.

ఒక గుణపాఠము

ప్లాస్టిక్కు అను పేరు వినగానే అన్నియు మన్నునని భావింపరాదు. అమెరికాలో 1978 మొదలు 1995 వరకు పాలిబ్యూటిలీను అను వంగెడి గొట్టములను లక్షలాది ఇండ్లలో వేసిరి. ధర తక్కువ, పని సులువు. కాని నీటిని శుద్ధిచేయుటకు కలుపు క్లోరిను కొన్ని సంవత్సరములలో గొట్టమును, దాని అతుకుముక్కలను పెళుసుబారజేసినది. వెలుపల నునుపుగా కనబడు గొట్టములు గోడలలో చీలిపోయినవి. గృహస్థులు న్యాయస్థానమున కెక్కగా 1995లో కుదిరిన ఒడంబడికలో 95 కోట్ల డాలర్ల నిధి ఏర్పడినది. కొత్త పదార్థమును దాని ధరనుబట్టి గాక, మన నీటిలో, మన ఎండలో, దాని అతుకులతో సహా ఎన్నాళ్లు నిలిచినదో విచారించి కొనవలెననుట దీని సారాంశము. కొళాయికిని బేసినుకును నడుమ తగిలించు అల్లిక తొడుగు గొట్టముల కొనలయందు తుప్పు, ఉబ్బు, చెమ్మ కనబడినచో పగులు వరకు ఆగక మార్చవలెననుట కూడ ఇందులోనిదే.

పని ముగిసిన పిమ్మట, గోడ పూయకముందే పరీక్ష జరుపవలెను. గొట్టములలోని గాలిని కొళాయిల ద్వారా పోనిచ్చి, నీరు నింపి, చేతిపంపుతో వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఒత్తిడి కలిగించి, మీటరు ముల్లు దిగునేమో చూడవలెను. ప్లాస్టిక్కు మొదట కొంచెము సాగును గనుక ముల్లు ఆరంభమున స్వల్పముగా దిగవచ్చును. మరల నింపిన పిదప నిలువవలెను. ప్రతి అతుకును పొడిగుడ్డతో తుడిచి చూడవలెను. తరువాత నీటిని చాలసేపు పారనిచ్చి పొట్టును, కొత్త వాసనను పోగొట్టవలెను. రాత్రియంతయు గొట్టములో నిలిచిన మొదటి నీటిని వంటకు గాక మొక్కలకు పోయుట మంచి అలవాటు.

చివరకు ఒక చిన్న పని కలదు. దానికి ఖర్చు లేదు. ఏ గోడలో ఏ గొట్టము ఎంత ఎత్తున పోవుచున్నదో, అతుకులెచ్చట నున్నవో కొలతలతో ఒక పటము గీసి, పూతకు ముందే గోడల ఛాయాచిత్రములు తీసి, ఇంటి దస్తావేజులతో కలిపి భద్రపరచవలెను. పటము గోడకు మేకు కొట్టబోవు నాడు అక్కరకు వచ్చును. పది పదునైదేండ్ల తరువాత మరమ్మతుకు వచ్చు ప్లంబరు గోడనంతటిని పగులగొట్టనక్కర లేకుండ ఒక్కచోటనే చేయి పెట్టగలుగును.